ఆకుపచ్చ నాడా

1981 ఆగస్టు పన్నెండు, బుధవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. భూగోళం దక్షిణపు సగంలో అది చలికాలం. వరండా స్తంభానికి కొట్టిన ఉష్ణమాపకంలో పాదరసం ఒక డిగ్రీ దగ్గర నిలిచి ఉంది. గాలి లేదు, మబ్బు లేదు. గోధుమ చేను మీద, గొర్రెల దొడ్డి కంచె మీద, బండి అద్దం మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది.

వంటింట్లో గ్లెనిస్ గొంతు లేచింది.

"చర్చిలో చెప్పించాల్సిందే ట్రెవర్. ఆదివారం పాస్టరు గారు ప్రకటనలు చదువుతారు కదా, అందులో చదివించు. వేడి గిన్నెలు పట్టుకునే మెత్తలు, పచ్చ నాడా ఉన్నవి, ఎవరింట్లో ఉన్నా తీసి పొయ్యిలో పారేయమని."

"పేరు లేకుండా చదివించొచ్చుగా."

"పచ్చ నాడా అంటే పేరు చదివినట్టు కాదూ? కల్లిబర్రాలో ఏ ఇంటి గుమ్మంలోనైనా నిలబడి అడుగు, పచ్చ నాడా ఎవరిదని. లోపల్నుంచి కుక్క కూడా ఎర్నా పేరే చెబుతుంది."

"నాకు బాప్తిస్మం ఇచ్చిన రోజు నన్ను చేతుల్లో ఎత్తుకుని నిలబడిన మనిషి గ్లెనిస్ ఆవిడ."

"సరే. మరి ఈ చెయ్యి? ఇదెవరు ఎత్తుకుంటారు?"

గ్లెనిస్ కుడిచేతిని బల్లమీద పెట్టింది. మణికట్టు దాకా తెల్లటి కట్టు. ఊళ్లో ఆడవాళ్లందరి జుట్టూ కత్తిరించిన చెయ్యి అది. అరచెయ్యి, బొటనవేలు, దాని పక్కన రెండు వేళ్లు కాలాయి. ఆ రెండు వేళ్లూ ముందులా ముడుచుకుంటాయో లేదో అక్టోబరు వరకూ చెప్పలేనన్నాడు డాక్టరు. కత్తెర పట్టేది ఆ వేళ్లే.

జవాబు తెలిసిన మనిషి ట్రెవర్ వెనకే పొయ్యి దగ్గర నిలబడి ఓట్సు గంజి కలుపుతోంది. గిన్నె పట్టుకోవడానికి ఆమె తన పైగుడ్డ అంచును నాలుగు మడతలు వేసుకుంది. ఆదివారం నుంచి ఆ వంటింట్లో ఎవరూ మెత్త ముట్టుకోలేదు.

హుల్డాకు అరవై ఎనిమిదేళ్లు. ఆ ఇంటికి అత్తగారు. నాలుగు రోజులుగా ఆమె స్థితి తేలు కుట్టిన దొంగ స్థితి.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక గ్లెనిస్ పొయ్యిలోంచి ఇనప పళ్లెం తీసింది. అందులో గొర్రె తొడ, బంగాళాదుంపలు, అరంగుళం లోతున సలసల కాగుతున్న కొవ్వు. రెండు అడుగులు వేసేసరికి చేతిలోని మెత్త కరగడం మొదలుపెట్టింది. పళ్లెం వదిలేసి ఉంటే చెయ్యి దక్కేది. కానీ ఎదురుగా, మూడడుగుల దూరంలో, తక్కువ ఎత్తు కుర్చీలో హుల్డా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కొవ్వు చిందితే అత్తగారి ఒళ్లో పడుతుంది. అందుకని గ్లెనిస్ వదల్లేదు. పక్కకు తిరిగి, బల్లదాకా నడిచి, పళ్లెం దించి, అప్పుడు అరిచింది.

కింద పడిన మెత్తను హుల్డాయే తీసింది. గుడ్డ కాలిన చోట లోపలి దూది గాజుపూసల్లా గడ్డకట్టి ఉంది. అంచున, కొక్కేనికి తగిలించే చోట, ఆకుపచ్చ నాడా చెక్కుచెదరకుండా ఉంది.

"ఎర్నాది," అంది గ్లెనిస్, చన్నీళ్ల కింద చెయ్యి పెట్టి. "ముసలావిడ లోపల కంబళి ముక్కలకు బదులు ఏదో చెత్త కుక్కింది."

అక్కడ ఒక్క మాట అనవలసి ఉంది. హుల్డా అనలేదు. అప్పుడు చెయ్యి ముఖ్యమని తనకు తాను చెప్పుకుంది. సాయంత్రం, గ్లెనిస్ నిద్రపోయిందని చెప్పుకుంది. సోమవారం చెప్పుకోవడానికి ఏ కారణమూ దొరకలేదు, అయినా అనలేదు. ఆలస్యమైన నిజానికి రెండు తప్పులు ఒప్పుకోవాలి: చేసినది ఒకటి, దాచినది ఒకటి. రోజు గడిచిన కొద్దీ రెండోది మొదటిదాన్ని మించి పెరుగుతుందని ఆమెకు తెలుసు.

"అత్తయ్యా, కాస్త గుండీలు పెడతారా?"

హుల్డా చేతులు తుడుచుకుని కోడలి ముందు నిలబడింది. కింద నుంచి పైకి ఏడు గుండీలు. అయిదోది పెడుతుండగా గ్లెనిస్ నుదురు తెచ్చి అత్తగారి భుజానికి ఆనించింది.

"మీరు లేకపోతే నా గతి ఏమయ్యేది?"

ఆరో గుండీ కాజాలోకి ఎక్కలేదు. హుల్డా వేళ్లు మూడుసార్లు జారిపోయాయి.

"చలికి వేళ్లు బిగుసుకున్నాయి," అంది.

ట్రెవర్ టోపీ చేతిలోకి తీసుకున్నాడు. "అమ్మా, మధ్యాహ్నం రెండింటికి మీ మహిళా సంఘం కూర్చుంటోంది. ఎర్నా ఇకమీద చర్చి సంత బల్లమీద ఏమీ పెట్టకూడదని తీర్మానం చేస్తారట. మీ అధ్యక్షురాలు లోరా ఫోన్ చేసింది. పదిమంది ముందు ఆ మాట వినడం కంటే ముందే ఒకరు మెల్లగా చెబితే మర్యాదగా ఉంటుంది. నువ్వు చెప్పు. నీ మాటయితే ఆవిడ తీసుకుంటుంది."

"నేనా?"

"మీరిద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు కదమ్మా. ఇంకెవరు చెబుతారు?"

"చెప్పండి అత్తయ్యా," అంది గ్లెనిస్, కోపం కొంచెం తగ్గించుకుని. "నాకు ఆవిడమీద కక్షేమీ లేదు. కళ్లు కనిపించనప్పుడు సూది వదిలెయ్యాలి, అంతే. ఒప్పుకోవడానికి ఏం పోయింది?"

హుల్డా గంజి గిన్నె దించింది. మడత జారి వేలికి చురుక్కుమంది. నోట్లో పెట్టుకోలేదు.

*

సంఘంలో పద్ధతి ఒకటి ఉంది. చర్చి సంతకు ఒక్కొక్కరూ ఇంట్లో మిగిలిన గుడ్డపీలికలతో వేడి గిన్నెలు పట్టుకునే చదరపు మెత్తలు కుట్టి ఇస్తారు. పైనా కిందా పీలికలు, మధ్యలో పాత ఉన్ని కంబళి ముక్కలు రెండు పొరలు. ఎవరి మెత్తకు వారి రంగు నాడా. ఎర్నాది ఆకుపచ్చ, లోరాది ఎరుపు, హుల్డాది గోధుమరంగు. కొన్నవాళ్లు మళ్లీ ఏడాది వచ్చి రంగు చెప్పి అడుగుతారు.

అడిగేది ఎక్కువగా ఆకుపచ్చ. సంత తెరిచిన అరగంటలో ఎర్నా దొంతర అయిపోయేది. హుల్డా కుట్టు సన్నం, మూలలు సూటి, అయినా సాయంత్రం బల్ల సర్దేటప్పుడు గోధుమరంగు నాడాలు ఏడో ఎనిమిదో మిగిలి కనిపించేవి. పోయిన ఏడాది మిగిలినవాటిని లోరా పాత బట్టల మూటలో వేసి పంపించేసింది. హుల్డా చూస్తూ కప్పులు కడిగింది.

ఈ ఏడాది జులైలో, సంతకు పది రోజుల ముందు, కంబళి ముక్కలు అయిపోయాయి. ఇంట్లో ఒక్క కంబళి ఉంది. చనిపోయిన భర్త ఓటో చివరి రెండేళ్లూ కప్పుకున్న బూడిదరంగు కంబళి. కత్తెర తీసుకుని దాని ముందు కూర్చుంది, కోయలేకపోయింది. గదిలో చినిగిన చవక బొంత ఒకటి ఉంటే దాని పొట్ట చీల్చి పాలిస్టర్ దూది తీసింది. తెల్లగా, మెత్తగా, ఉన్నికంటే పొంకంగా ఉంది. దానితో పన్నెండు మెత్తలు కుట్టింది. నాలుగింటికి గోధుమరంగు నాడా వేసేసరికి నాడా అయిపోయింది. "నా దగ్గర చాలా ఉందే, తీసుకో," అని ఎర్నా అంతకు ముందు వారమే రెండు గజాల పచ్చ నాడా ఇచ్చి ఉంది. మిగిలిన ఎనిమిదింటికీ అదే వేసింది.

నాడా అయిపోయిన మాట నిజమే. సంఘం కూర్చునే హాలుకు కొట్టు రెండు వందల అడుగుల దూరంలో ఉన్న మాటా నిజమే.

సంతలో లోరా నాడాలను బట్టి దొంతర్లు పేర్చింది. హుల్డా ఎనిమిదీ ఎర్నా దొంతరలో కలిశాయి, అరగంటలో అమ్ముడయ్యాయి. వాటిలో ఒకటి కొన్నది గ్లెనిస్. అత్తగారి చేతిపని ఇంట్లో ఉండగానే ఎర్నా పని కోసం వరసలో నిలబడి కొంది. హుల్డా అప్పుడు చిన్నబుచ్చుకుంది. ఆ చిన్నబుచ్చుకోవడం వల్లే నోరు విప్పలేదు కూడా. కోడలు వరసలో నిలబడి మెచ్చుకుని కొన్నది తన కుట్టునేనని రహస్యంగా కొంచెం సంతోషించింది.

*

ట్రెవర్ గ్లెనిస్‌ను ఆస్పత్రి దగ్గర, హుల్డాను ఎర్నా ఇంటి ముందు దించి ఎరువుల కొట్టుకు వెళ్లాడు. పదిన్నర అయింది. మంచు కరిగి రేకుల చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి.

తలుపు తీసే ఉంది. ఎర్నా కిటికీ దగ్గర, వెలుతురు ఒళ్లో పడేలా కూర్చుంది. డెబ్బై రెండేళ్ల మనిషి. ఎడమకంటిలో పొర, కుడికంటికి అద్దం. చుట్టూ నేలమీద విప్పిన మెత్తలు. పీలికలు ఒక కుప్ప, కంబళి ముక్కలు ఒక కుప్ప, పచ్చ నాడాలు ఒక కుప్ప. చేతిలో చిన్న కత్తెరతో ఇంకో మెత్త కుట్లు తెంపుతోంది.

"ఎవరూ?"

"నేనే."

"హుల్డావా. రావే, తొక్కకుండా రా. ఇల్లంతా కోళ్లు పీకినట్టుంది."

"ఏం చేస్తున్నావు ఎర్నా?"

"చూడ్డంలేదూ? నేను కట్టిన ఇల్లు నేనే కూలుస్తున్నా. ఆదివారం సాయంత్రం గ్లెనిస్ సంగతి తెలిసింది. సోమవారం, నిన్న, కర్ర పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. నా మెత్త నాకిచ్చెయ్యమ్మా అని అడుక్కొచ్చాను. దొరికినన్ని పోగుచేశాను. అందరూ ఇచ్చారు. కొంతమంది జాలిపడి కేకు కూడా పెట్టారు." ఆమె నవ్వింది. "జాలి కేకు గొంతు దిగదే. పైన ఎంత వెన్న రాసినా."

హుల్డా కుర్చీ అంచున కూర్చుంది.

"ముప్పై ఏడు విప్పాను," అంది ఎర్నా. "ముప్పై ఒకటింట్లో కంబళి ఉంది, ఉండాల్సినట్టే. ఆరింట్లో ఇది ఉంది." పక్కనున్న గిన్నెలోంచి తెల్లటి దూది పొర ఒకటి తీసి పట్టుకుంది. "ఇది నా ఇంట్లోకి ఎలా వచ్చింది? ఎక్కడ కొన్నాను? ఎప్పుడు పెట్టాను? మూడు రోజులుగా ఆలోచిస్తున్నా. చిన్న జ్ఞాపకమైనా తగలడంలేదు."

"ఎర్నా..."

"ఉండు, చెప్పనీ. మా అమ్మ నీకు గుర్తుందిగా. చివరి రోజుల్లో ఉప్పు డబ్బాలో గుండీలు దాచేది. చారులో గుండీ వస్తే మా నాన్న ఏమీ అనకుండా కంచం అంచున పెట్టేవాడు. నాకూ అదే మొదలైందే. కళ్లు పోతున్నాయంటే భరించాను. బుర్ర పోతోందంటే... మనిషి ఒంటరిగా ఉండకూడదు. రేపు పొయ్యి ఆర్పడం మరిచిపోతాను."

బల్లమీద కవరు ఉంది. అంటించి, తపాలా బిళ్ల కూడా వేసి ఉంది. పేరు ఎర్నా మేనకోడలిది.

"వృద్ధుల ఇంట్లో మంచం ఖాళీ ఉందని అది మార్చిలోనే రాసింది. వస్తానని రాశాను. ఇల్లు అమ్మేసుకోమన్నాను. టపా బండి పన్నెండింటికి వస్తుంది, పోయేటప్పుడు డబ్బాలో వేసి వెళతావా? గుమ్మం మెట్లమీద మంచు ఇంకా జారుతోంది."

హుల్డా కవరు ముట్టుకోలేదు.

"లోరా మొన్నంటే నేను వెక్కిరించాను కూడా," అంది ఎర్నా మళ్లీ. "నలభై ఇచ్చాను నేను. నీవి నలభై ఎనిమిది అమ్ముడయ్యాయి అంది లోరా. నీకు లెక్కలు ఎప్పుడూ రావు లోరా, అన్నాను. నాకే రావన్నమాట."

"నీకు వచ్చు."

"ఏమిటి?"

"లెక్కలు. నీకు వచ్చు. నువ్వు నలభయ్యే ఇచ్చావు."

ఎర్నా కత్తెర ఆగింది.

హుల్డా కళ్లు నేలమీది నాడాల కుప్ప మీద ఉన్నాయి. ఇంటి దగ్గర బండిలో కూర్చున్నప్పటి నుంచీ ఒక పెద్ద వాక్యం తయారుచేసుకుంది. కంబళి సంగతి, ఓటో సంగతి, నాడా అయిపోయిన సంగతి, అన్నీ క్రమంలో పేర్చి పెట్టుకుంది. ఇప్పుడు అందులో ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు.

"ఆ ఎనిమిదీ నేను కుట్టాను. నువ్విచ్చిన నాడా వేసి."

ఎర్నా గిన్నెలోని దూది పొరను ముందుకు చాచింది.

"ఈ దూది?"

"నాదే."

"గ్లెనిస్ చేతిలోది?"

"నాదే."

ఎర్నా దూది తీసిన ఆరింటిలో ఒకదాన్ని పైకెత్తి, తెంపకుండా మిగిలిన అంచు కుట్టును బొటనవేలితో నెమ్మదిగా తడిమింది. గుడ్డివాళ్లు ముఖాన్ని తడిమినట్టు.

"కుట్టు నాది కాదనిపించింది," అంది. "ఇంత సన్నగా నేను పదేళ్లనుంచి కుట్టలేను. నా వేలికి తెలిసింది. ఇది హుల్డా కుట్టు అని నిన్న సాయంత్రం అనిపించింది." ఆగింది. "అలా అనుకున్నందుకు నాకెంత సిగ్గేసిందో తెలుసా? నా తప్పు నీమీదకి తోస్తున్నానని. మోకాళ్లమీద పడి దేవుణ్ణి క్షమాపణ అడిగానే. ఈ కీళ్లతో. లేవడానికి మంచంకోడు పట్టుకోవాల్సి వచ్చింది."

హుల్డా తల వంచుకుంది.

"ఎప్పుడు తెలిసింది నీకు, కాల్చింది నీదని?"

"ఆదివారం. కింద పడినదాన్ని తీసినప్పుడే."

"ఆదివారం," అంది ఎర్నా. వేళ్లమీద లెక్కపెట్టింది, చిన్నపిల్లలకు నేర్పినట్టు. "సోమవారం. మంగళవారం. మీరు కట్టు మార్పించడానికి వచ్చినప్పుడు నేను కర్ర పట్టుకుని ఆ ఆస్పత్రి వీధిలోనే తిరుగుతున్నాను."

"చూశాను."

ఆ మాట అనవలసిన అవసరం లేదు. కానీ ఒకసారి తలుపు తెరిచాక దేన్ని లోపల ఉంచాలో హుల్డాకు తెలియలేదు.

"కిటికీలోంచి?"

"కిటికీలోంచి."

ఎర్నా చెయ్యి చాచి బల్లమీది కవరు తీసుకుంది, మధ్యకు చించింది, మళ్లీ మధ్యకు చించింది, ముక్కలను పీలికల కుప్పలో వేసింది. ఆ పని ప్రశాంతంగా, పొదుపుగా చేసింది.

"నా బుర్ర బాగానే ఉంది," అంది. "మంచి మాట చెప్పావు."

"ఎర్నా, నన్ను..."

"వద్దు. అడగకు. అడిగితే ఇవ్వాలి, మనకు చిన్నప్పట్నుంచీ అలాగే నేర్పారు. ఇవాళ నా దగ్గర లేదు." ఆమె కుట్టుపెట్టె దగ్గరకు లాక్కుని, కొత్త పచ్చ నాడా చుట్ట ఒకటి తీసి హుల్డా ముందు పెట్టింది. "పోయిన వారమే కొన్నాను. పద్నాలుగు గజాలు. లోరాకి ఇచ్చేద్దామని తీసి ఉంచాను."

"అది నీది."

"నాదే కదూ?" ఎర్నా దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టి మూత వేసింది. "మొత్తం ఎన్ని కుట్టావు ఆ దూదితో?"

"పన్నెండు. నాలుగింటికి నా నాడా."

"గోధుమరంగువి నాలుగు వంటిళ్లలో ఉన్నాయన్నమాట. అవి నేను అడగలేదు. ఎవరూ అడగలేదు." ఎర్నా తలెత్తింది. చూపు సరిగ్గా హుల్డా ముఖం మీద కాక, కొంచెం పక్కన ఆనింది. "నాకు చెప్పేసి తేలికపడి ఇంటికి పోదామనుకోకు. సంఘం రెండింటికి."

*

చర్చి వెనక హాలులో హుల్డా కాక పదకొండుమంది ఉన్నారు. నీళ్లు కాగుతున్నాయి. పిండి పలుకులు చల్లిన ఈస్టు కేకు కోసి పళ్లేలలో పెట్టి ఉంది. అధ్యక్షురాలు లోరాకు యాభై అయిదేళ్లు, చేతిలో చిన్న గంట.

"కేకు తర్వాత," అంది లోరా. "కేకు ముందు పెడితే మీ నోళ్లు ఖాళీగా ఉండవు, తీర్మానం ముందుకు సాగదు. ఎర్నా గారు రాలేదు. అదీ మంచిదే. ఇలాంటి సంగతి మనిషి ముందు..."

"ఆ తీర్మానం తీసెయ్యి లోరా," అంది హుల్డా.

ఆమె లేచి నిలబడింది. సంఘంలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఉంది, ఒక్కసారి కూడా లేచి మాట్లాడలేదు.

"గ్లెనిస్ చెయ్యి కాల్చిన మెత్త ఎర్నా కుట్టలేదు. నేను కుట్టాను. కంబళికి బదులు పాలిస్టర్ దూది పెట్టాను. అలాంటివి పన్నెండు ఉన్నాయి. ఒకటి కాలిపోయింది, ఆరు ఎర్నా విప్పేసింది. పచ్చ నాడాది ఒకటి, గోధుమరంగువి నాలుగు ఇంకా ఎవరి వంటిళ్లలోనో ఉన్నాయి. ఇవాళ రాత్రి వంటకు ముందే తీసెయ్యండి."

ఎవరో చెంచా కింద పెట్టారు.

"పచ్చ నాడా మీ దగ్గరకెలా వచ్చింది హుల్డా గారూ?" అంది లోరా.

"ఎర్నా ఇచ్చింది."

"అది సరే, మీ రంగు మీకుండగా..."

ఇక్కడ హుల్డా నాడా అయిపోయిందని చెప్పవచ్చు. అది అబద్ధం కాదు. పదకొండుమందీ నమ్ముతారు. ముసలిదానికి ఓపిక లేక కొట్టుదాకా నడవలేదని జాలిపడి, బహుశా కేకు కూడా పెడతారు.

"నావి ఎవరూ కొనేవారు కాదు," అంది. "ఎర్నా పేరు మీద అమ్ముడవుతాయని వేశాను."

గంట లోరా చేతిలో తనంతట తాను చిన్నగా మోగింది. ఆమె దాన్ని అరచేత్తో మూసింది.

అప్పుడు హుల్డా తలుపు వైపు చూసింది. కట్టు మార్పించుకుని ఆస్పత్రి నుంచి వచ్చిన గ్లెనిస్, ట్రెవర్ కోటు భుజాల మీద వేసుకుని, గడపలో నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో తెలుసుకోవడానికి ముఖం చూస్తే చాలు.

*

ఇంటికి పదకొండు మైళ్లు. బండిలో ముగ్గురూ ఒకే వరస సీటు మీద కూర్చున్నారు. ట్రెవర్ చక్రం పట్టుకున్నాడు, మధ్యలో హుల్డా, చివర గ్లెనిస్. కట్టు ఉన్న చెయ్యి హుల్డా మోకాలికి జానెడు దూరంలో ఉంది. రాళ్లబాట మీద బండి ఎగిరినప్పుడల్లా ఆ చెయ్యి ఎవరికీ తగలకుండా గ్లెనిస్ పైకెత్తి పట్టుకుంది.

ఏడో మైలు దాటాక అడిగింది.

"పొద్దున్న నాకు గుండీలు పెట్టారు. అప్పుడు తెలుసా మీకు?"

"తెలుసు."

"నేను మీ భుజం మీద తల పెట్టినప్పుడు?"

"తెలుసు గ్లెనిస్."

"పళ్లెం వదలకపోవడానికి కారణం మీరు. అది తెలుసా?"

"అది అన్నిటికంటే ముందు తెలుసు."

"గ్లెనిస్," అన్నాడు ట్రెవర్, "ఇంటికెళ్లాక..."

"నువ్వు బండి నడుపు."



అయిదు గంటలకు, వెలుతురు ఇంకా ఉండగానే, హుల్డా వరండా చివరనున్న తన గదిలో పెట్టె తెరిచి ఓటో కంబళి తీసింది. బల్లమీద పరిచింది. అంచును సూటిగా సర్ది కత్తెర పెట్టింది. దీన్ని జులైలో కోసి ఉంటే గ్లెనిస్ చెయ్యి దక్కేది, ఎర్నా మోకాళ్ల మీద పడవలసిన పని ఉండేది కాదు. ఒక గుడ్డ మీది మమకారం ఇద్దరు మనుషులను తినేసింది. కత్తెర నొక్కింది. పాత ఉన్ని బరువుగా, చప్పుడు లేకుండా తెగింది. నాలుగు అంగుళాలు.

"ఆపండి."

గ్లెనిస్ గుమ్మంలో ఉంది. లోపలికి రాలేదు.

"పన్నెండు మెత్తలకు సరిపోతుంది," అంది హుల్డా. "ఇంటింటికీ ఇచ్చి వస్తాను."

"అది కోసేస్తే తీరిపోతుందనుకుంటున్నారా?"

హుల్డా కత్తెర కదలలేదు.

"నాకోసం కొయ్యకండి అత్తయ్యా. మీకోసమూ కొయ్యకండి. అలాగే ఉంచండి. రోజూ కప్పుకోండి, ఆ కోతతో సహా."

ఆమె వెళ్లిపోయింది. మర్నాడు ఉదయం హుల్డా వంటింట్లోకి వచ్చేసరికి గ్లెనిస్ చొక్కా తొడుక్కుని బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఏడు గుండీలూ ఎడమచేత్తోనే పెట్టుకుంది. రెండు కాజాలు తప్పి, చొక్కా ఒకవైపు కిందికి జారి ఉంది. ఎవరూ దాన్ని సరిచెయ్యలేదు.

ఎర్నా తన ఇంట్లోనే మరో ఎనిమిదేళ్లు బతికి, 1989 మార్చిలో చనిపోయింది. ఇల్లు సర్దడానికి వెళ్లిన గ్లెనిస్ కుట్టుపెట్టె తెరిచి, పచ్చ నాడా చుట్ట తీసి, పూర్తిగా ముడుచుకోని రెండు వేళ్ల మధ్యనుంచి లాగుతూ కొలిచింది. కత్తెర తగలకుండా పద్నాలుగు గజాలూ ఉంది.